జఖ్మ్‌కు సబూత్ ఎవరియ్యాలె?

మా కర్దనూర్‌లో ఒక ఫౌజీ చాచా ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను. ఎడమ కాలు మోకాలి కింద వంకర పోయింది. నమాజులో మోకాళ్ల మీద కూర్చోలేడు, కుర్చీ వేసుకుని చదువుతాడు. ఊళ్లో అందరికీ అది 'లంక కాలు'. 1987 జులైలో శ్రీలంకతో ఒప్పందం కుదిరినాక మన ప్రభుత్వం శాంతి దళం పేరుతో అక్కడికి పంపిన ఫౌజులో ఆయన ఉన్నాడు. 1990 మార్చిలో ఆ ఫౌజు తిరిగొచ్చేసరికి వెయ్యిమందికి పైగా జవాన్లు అక్కడే ప్రాణాలు విడిచారు. చాచా బతికి వచ్చాడు. పులులు రోడ్డు కింద పెట్టిన మందుపాతర పేలి ఆయనెక్కిన బండి పక్కకు పడింది. కాలు దాని కింద నలిగింది.

ఆయన కాగితాల్లో మాత్రం మందుపాతర లేదు. వాహనం బోల్తా పడి కాలికి దెబ్బ అని ఒక్క ముక్క ఉంది.

"బండి బోల్తా పడ్డది నిజమే. అబద్ధం రాయలే. ఎందుకు పడ్డదో రాయలే, గంతే" అంటాడు చాచా.

ఆ 'గంతే' వెనక ఎంత ఉందో తెలియాలంటే ఫౌజు లెక్కల సంగతి కొంచెం తెలియాలి. ఫౌజులో జవాను బతుకులో ఏం జరిగినా పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కాలి. ఎక్కకపోతే జరగనట్టే. దెబ్బ తగిలినవాళ్లను రెండు ఖానాల్లో వేస్తారు. శత్రువు చేతిలో గాయపడ్డవాడు ఒక ఖానా, ఇంకో కారణంగా దెబ్బతిన్నవాడు ఇంకో ఖానా. మొదటి ఖానా వాడికి యుద్ధగాయం పింఛను. రెండో ఖానా వాడికి మామూలు వైకల్యం పింఛను, అది తక్కువ. శత్రువు నేరుగా చేసిన దాడిలో గాయపడ్డవాళ్ల కోసం 1973లో ఒక పతకం పెట్టారు. దాన్ని పరాక్రమ్ పదక్ అంటున్నారు. రెండో ఖానా వాడికి అది రాదు.

ఆ ఖానా మార్చమని దర్ఖాస్తు రాసిపెట్టమని చాచా నా దగ్గరకొచ్చాడు. పైసల కోసమా అంటే కొంత అవును, దాచేదేముంది? కానీ పైసల మాట ఆయన ఒక్కసారే ఎత్తాడు. కాలు మాట పదిసార్లు ఎత్తాడు.

నేను రాశాను. తేదీలు, యూనిట్టు, చేర్చిన ఆస్పత్రి అన్నీ సరిగ్గా రాశాను. చివర్లో, దర్ఖాస్తు బలంగా ఉంటుందని, అడక్కుండానే ఒక వాక్యం కలిపాను. 'నేను ముస్లింనైనా ఈ దేశం కోసం వఫాదారీతో నెత్తురు ధారపోశాను' అని. మొత్తం తెలుగులో చదివి వినిపించాను.

"గా ఆఖరు లైను తీసెయ్యి బేటా" అన్నాడు.

"ఎందుకు చాచా? మంచిగనే ఉన్నది గదా."

"రాసిన క్లర్కు ఒక ముక్క మింగిండు. నువ్వు ఒక ముక్క ఎక్కువ కలుపుతున్నవ్. నేను నా కాలు గురించి అడుగుతున్న. నా మజహబ్ గురించి ఆళ్లు అడగలే, నేను చెప్పలే."

తీసేశాను. కానీ ఆ రాత్రంతా ఆ వాక్యం నన్ను వదల్లేదు. ఆ 'అయినా' నా కలంలోకి ఎక్కడ్నుంచి వచ్చింది? దఫ్తర్ వాళ్లు అడగలేదు. చాచా అడగలేదు. ఏ మతోన్మాదీ నా గల్లా పట్టుకోలేదు. నా అంతట నేనే రాశాను. 'పేదవాడైనా నిజాయితీపరుడు' అన్నామంటే పేదలు దొంగలని లోపల నమ్మినట్టే కదా. 'ముస్లింనైనా' అని రాశానంటే మిగతా ముస్లింలందరి మీదున్న నేరారోపణను నేనే ఒప్పుకుని, ఒక్కణ్ని మాత్రం విడుదల చెయ్యమని అడుక్కున్నట్టే కదా.

ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచి అయిన మర్నాడు స్కూల్లో ఎవడో ఒకడు గిచ్చేవాడు. అప్పుడు మా జేబులో ఒకే ఒక్క నాణెం ఉండేది: "అబ్దుల్ హమీద్ లేడా?" 4వ గ్రెనేడియర్స్ హవల్దారు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీద బిగించిన తోపుతో ట్యాంకుల్ని పేల్చి, 10వ తేదీన అక్కడే ప్రాణం విడిచినవాడు. పరమవీర చక్ర. ఆ పేరు చెప్తే ఎదుటివాడు ఊరుకునేవాడు. మేం గెలిచామనుకునేవాళ్లం. గెలవలేదు. చచ్చిపోయిన ఒక మనిషిని జమానత్‌గా పెట్టి ఆ రోజుకు ఇంటికి వచ్చేవాళ్లం. 1992 డిసెంబరు తర్వాతా అదే నాణెం. 1999 కార్గిల్ అప్పుడూ అదే. మనలో ఎవడైనా చస్తే తప్ప మిగతావాళ్లకు బతికే హక్కుండదన్న లెక్కను మేమే నోటికి నేర్చుకున్నాం.

చాచా గాయం ఆ నాణెంగా కూడా చెల్లదు. ఆ మందుపాతర పెట్టింది పాకిస్తాన్ కాదు. కాబట్టి మతం తక్కెడలో దానికి తూకమే లేదు. బహుశా అందుకే ఆయన దాన్ని వట్టి గాయంగా చూడగలిగాడు. నేను చూడలేకపోయాను.

ఇంకో మాట. జమానత్ పెట్టినా అది నిలుస్తుందా? అస్సాంలో మొహమ్మద్ సనాఉల్లా సంగతి పేపర్లలో వచ్చింది. 1987లో ఫౌజులో చేరి 2017లో రిటైరైన మనిషి. పనిచేసింది ఇ.ఎం.ఇ. విభాగంలో. ఆ విభాగం పెద్ద శిక్షణ కేంద్రం మన సికిందరాబాదులోనే ఉంది. రిటైరయ్యాక అస్సాం సరిహద్దు పోలీసులో ఎస్.ఐ.గా చేరాడు. అక్రమంగా వచ్చిన విదేశీయుల్ని వెతకడమే ఆ పోలీసుల పని. 2019 మేలో విదేశీయుల ట్రిబ్యునల్ ఆయన్నే విదేశీయుడని తేల్చింది. గోల్‌పారా నిర్బంధ శిబిరానికి పంపారు. ఆయన పేరుమీద ఉన్న విచారణ కాగితంలో వృత్తి కూలీ అని ఉంది. ఫౌజులో చేరిన సంవత్సరం 1987కు బదులు 1978 అని నమోదైంది, అదీ ఆయన మెడకే చుట్టుకుంది. గౌహతి హైకోర్టు బెయిలిచ్చాక జూన్ 8న బయటికొచ్చాడు. ముప్పై ఏళ్ల ఫౌజీ ఉద్యోగం ఒక దిక్కు, తిరగబడిన రెండంకెలు ఒక దిక్కు. ఏది బరువు తూగిందో చూశాం.

ఉన్న సేవ రాయకపోవడం ఒక రకం. లేని నేరం రాయడం ఇంకో రకం. 1965లో 'ముస్లిం రెజిమెంటు' యుద్ధం చెయ్యనన్నదని ఒక కట్టుకథ సెల్‌ఫోన్లలో తిరుగుతూ వచ్చింది. స్వతంత్ర భారత ఫౌజులో ఆ పేరుతో రెజిమెంటే లేదు. 2020లో వందమందికి పైగా మాజీ ఫౌజీలు ఈ అబద్ధాన్ని ఆపమని రాష్ట్రపతికి లేఖ రాయాల్సి వచ్చింది. లేని రెజిమెంటు పారిపోవడానికి సబూత్ అక్కర్లేదు. ఉన్న కాలు విరగడానికి కావాలి.

అయితే చాచాకు అడ్డుపడింది దఫ్తర్ ఒక్కటే కాదు. మసీదు దగ్గర ఒక పెద్దమనిషి మెత్తగా మందలించాడు. "అల్లా చూసిండు. కిరామన్ కాతిబీన్ రాసుకున్నరు. ఇంక తమ్గా ఎందుకు మియా? రియా అయితది" అని. మనిషి భుజాల మీద ఉండి మంచీచెడూ రాసే ఫరిష్తాలను కిరామన్ కాతిబీన్ అంటారు. రియా అంటే పదిమంది చూడాలని చేసే పుణ్యం. అది పుణ్యాన్ని తినేస్తుందని మా నమ్మకం. ఆ పెద్దమనిషి మాట కొట్టిపారేసేది కాదు. పేరు కోసం యుద్ధం చేసినవాడికి పరలోకంలో ఏమీ మిగలదని హదీసు హెచ్చరిస్తుంది.

కానీ ఖురాన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఆయత్ దేని గురించో చూడండి. బఖరా సూరాలో 282వది. స్వర్గం గురించి కాదు, జిహాద్ గురించి కాదు. అప్పు కాగితం గురించి. చిన్నదైనా పెద్దదైనా అప్పును రాసుకోవాలంటుంది. రాసేవాడు రాయనని తప్పుకోకూడదంటుంది. పిలిచినప్పుడు సాక్షులు రానని అనకూడదంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన మాట, చెప్పి రాయించాల్సింది అప్పు పడ్డవాడు. ఇచ్చినవాడు కాదు. ఫరిష్తాలు ఎట్లాగూ రాస్తున్నారు కదా అని మనుషుల లెక్కను అల్లా మాఫ్ చెయ్యలేదు.

చాచా కాలు విషయంలో అప్పు పడ్డదెవరు? పంపినవాళ్లు. రాయించాల్సిందెవరు? వాళ్లే. కాబట్టి చాచా అడిగేది మెప్పు కాదు, బాకీ. మెప్పు అడిగితే రియా కావచ్చు. ఇచ్చిన అప్పు ఇచ్చినట్టు రాయమనడం రియా ఎట్లా అవుతుంది?

ఇది మా కితాబులో మాత్రమే ఉన్న మాట కాదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే మాజీ జవాను కేసులో మన సుప్రీంకోర్టు దాదాపు ఇదే చెప్పింది. ఫౌజులో చేరేనాడు జబ్బు ఉన్నట్టు రాసుకోకపోతే ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. రుజువు చేసే బరువు వైకల్యం పింఛను అడిగే జవాను మీద ఉండదు, ఇవ్వాల్సినవాళ్ల మీద ఉంటుంది. అమెరికాలో 1973 జులై 12న సెయింట్ లూయిస్ రికార్డుల భవనం తగలబడి కోటిన్నరకు పైగా సైనికుల ఫైళ్లు బూడిదయ్యాయి. తర్వాత 1991లో అక్కడి మాజీ సైనికుల కోర్టు ఒక తీర్పిచ్చింది. ఫైళ్లు ప్రభుత్వం చేతిలో ఉండగా పోతే, సందేహం సైనికుడికి అనుకూలంగా చూసే విషయంలో ప్రభుత్వానికి మరింత బాధ్యత ఉంటుందని. పుస్తకం ఎవరి దగ్గరుందో జవాబుదారీ వాళ్లదే.

సెక్యులర్ మిత్రుడొకాయన ఇంకో వైపు నుంచి అడిగాడు. "మనం యుద్ధాన్నే వద్దంటాం. ఆ పతకానికి మెరుగులు దిద్దడమెందుకు? అక్కడ మన ఫౌజు ఏం చేసిందో మర్చిపోయావా?" మర్చిపోలేదు. 1987 అక్టోబరు 21, 22 తేదీల్లో జాఫ్నా ఆస్పత్రిలో మన దళాల కాల్పులకు డాక్టర్లు, నర్సులు, మంచాల మీదున్న రోగులు చచ్చిపోయారు. ఆ మాట నేను చాచాను భయపడుతూనే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆళ్లది సుత రాయాలె. నాది రాసి ఆళ్లది రాయకుంటె నాది గూడ సగం అబద్ధమే."

ఆ మాట విన్నాకే నాకు ఆ దర్ఖాస్తు అసలు అర్థం తెలిసింది. రాసిన మాట నిజమే అయి ఉండి, అసలు సంగతిని మింగేసే పద్ధతి ఫౌజు కాగితాల్లోనే లేదు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా హైదరాబాదు సంస్థానం మీదికి వచ్చింది సైన్యం. పుస్తకాల్లో పడ్డ పేరు పోలీసు చర్య. రజాకార్లు ఊళ్లమీద పడి చేసిన దౌర్జన్యాలూ నిజమే, తర్వాత ముస్లింల మీద జరిగిన ఊచకోతా నిజమే. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదికను జనం చూడటానికి 2013 దాకా పట్టింది. ఆ అరవై అయిదేళ్లూ మా నానీమాలకు అదొక 'గడబిడ' మాత్రమే. బండి బోల్తా పడింది. ఎందుకు పడిందో రాయలేదు.

మా ఊరి పక్కనే చూడండి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పేలింది. 46 మంది చనిపోయినట్టు తేలింది, ఇంకో 8 మంది ఆనవాలే దొరకలేదు. బీహారు నుంచి, ఒడిశా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు కారు. కానీ దేహం దొరకనివాళ్ల కోసం ఆ గేటు ముందు నిలబడ్డ ఇంటివాళ్లకు, చాచాకు ఏం తేడా? మనవాడు ఇక్కడికి వచ్చాడు, ఇక్కడే పోయాడు అని పుస్తకంలో రాయమనే వాళ్లూ అడిగేది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో చెయ్యి కాలిన ఏ కాంట్రాక్టు కూలీనైనా అడగండి. ఫ్యాక్టరీలో కాలిందని రిజిస్టరులో పడటానికి ఎంత తిరగాలో చెప్తాడు.

కాబట్టి గాయం రాయమనడం ముస్లిం అడిగే ప్రత్యేక కోరిక కాదు. ముస్లింకు ప్రత్యేకంగా ఉన్నది ఒకటే: గాయంతో పాటు వఫాదారీ సర్టిఫికెట్టు కూడా జతచెయ్యాలనే భయం. ఆ భయం చాచాకు లేదు. చదువుకున్న నాకుంది. ఇంకా ఒక మాట ఒప్పుకోవాలి. ఏ యుద్ధానికీ పోని, ఏ గాయమూ లేని, మా ఊళ్లో పంక్చర్లు వేసుకుని బతికే పిల్లవాడికి కూడా ఈ ముల్క్ మీద చాచాకు ఉన్నంత హక్కుంది. చాచా కాలును ఆ పిల్లవాడికి టిక్కెట్టుగా మార్చే పని నేను చెయ్యబోయాను. ఇద్దరికీ అన్యాయం చెయ్యబోయాను.

దర్ఖాస్తు పోయింది. కొన్ని నెలలకు జవాబొచ్చింది, మందుపాతరకు సబూత్ పంపమని. ఆ రోజు అదే బండిలో ఉన్న జవాను ఒకాయన తమిళనాడులో ఉన్నాడు. చాచా ఎట్లెట్లనో తిరిగి నంబరు పట్టుకున్నాడు. ఆయన ఒక పేజీ గవాహీ రాసి సంతకం పెట్టి పంపాడు. అందులో ఆయన మతం లేదు, చాచా మతం లేదు. దేశభక్తి అన్న మాట కూడా లేదు. రోడ్డు ఉంది, టైము ఉంది, పేలుడు ఉంది, ఎవరు ఎవర్ని బయటికి లాగారో ఉంది.

దాన్ని జతచేసి మళ్లీ పంపాం. ఈసారి నా తరఫున ఏమీ కలపలేదు.