ఆజ్ఞయు ఋణమును

మహమ్మారి దేశముపై బడినప్పుడు ప్రభుత్వము ప్రజల స్వేచ్ఛ నరికట్టవచ్చునా యను ప్రశ్నకు విజ్ఞులెన్నడో సమాధానము చెప్పియున్నారు. 1859లో స్వాతంత్ర్యమును గూర్చి గ్రంథము రచించిన జాన్ స్టువర్టు మిల్లు సైతము, ఇతరులకు హాని కలుగకుండుటకై యొకని నిర్బంధించుట న్యాయమేయని యొప్పుకొనెను. అంటురోగము గలవాడు బజారున దిరుగుట వాని సొంతవ్యవహారము కాదు. కావున నిర్బంధము తగునా యని మేమిచ్చట విచారింపబోము. నిర్బంధించినవారు నిర్బంధింపబడినవారికి ఏమి ఋణపడుదురు? ఇదియే మా ప్రశ్న.

బొంబాయి రాజధానిలో ప్లేగు ప్రబలగా ఆంగ్లప్రభుత్వము 1897లో అంటురోగముల చట్టమును జేసెను. అది మిక్కిలి చిన్నది, నాలుగే సెక్షనులు. మొదటిది పేరు చెప్పును. రెండవది అధికారులకు కట్టుబాట్లు విధించు శక్తి నిచ్చును. మూడవది మీరినవారిని శిక్షించును. నాల్గవది సద్బుద్ధితో పనిచేసినవారిపై దావా చెల్లదనును. వాకిలి మూయబడినవానికి అన్నమెవరు పెట్టవలెనో ఒక్క మాటయు లేదు. ఆ యేడే పూనాలో సోల్జర్లు ఇండ్లు జొచ్చి సోదాలు చేయగా ప్రజలు రోగముకంటె వైద్యమునకే యెక్కువ వెఱచిరి. జూన్ 22న ప్లేగు అధికారి రాండు కాల్పులకు గుఱియయ్యెను. హత్యను మేము సమర్థింపము. నమ్మకము గోల్పోయిన పాలన రోగమును జయింపజాలదని మాత్రము చెప్పుదుము.

నూట యిరువదిమూడేండ్లకు, 2020లో కరోనా రాగా, మన రాష్ట్రప్రభుత్వములు ఆ చట్టమునే వెలికి దీసినవి. కేంద్రము 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమును జేకొన్నది. ఇందు భోజనము, నీరు, ఆశ్రయముల ప్రస్తావన గలదు. కాని ఆజ్ఞ ముందు వచ్చెను, అన్నము వెనుకబడెను. మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన. అర్ధరాత్రి నుండి లాక్‌డౌను. గాదెలో గింజలున్నవారికి ఆ నాలుగు గంటలు చాలినవి. తెలంగాణ మిరపచేలకు కూలికి వచ్చిన పండ్రెండేండ్ల ఛత్తీస్‌గఢ్ బాలిక కాలినడకను ఇల్లు చేరబోయి, ఏప్రిల్ 18న స్వగ్రామము చేరువలో ప్రాణము విడిచెను. ఆమెకు కరోనా లేదని పరీక్షలో తేలెను. ఆమెను జంపినదేది?

ప్రభుత్వములు ఊరకుండెనని మేమనము. తెలంగాణము వలసకూలీలకు తలకు 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించెను. మే 1న లింగంపల్లినుండి హటియాకు తొలి రైలు గదలెను. గుజరాతు రేవులలో జిక్కిన మన మత్స్యకారులను ఆంధ్రప్రభుత్వము బస్సులలో రప్పించెను. మేలే. అయినను మేలో సాధ్యమైనది మార్చిలో తలపునకేల రాలేదు?

ఖజానాలో ధనమెక్కడిదని కొందఱందురు. నిర్బంధమువలని ఫలము ఊరందఱిది. దాని వెల మాత్రము దినకూలి చెల్లించెను. ఒకనిచే వెల గట్టించి ఫలమును మనము పొందినప్పుడు, వానికిచ్చునది దానము కాదు, తీర్పవలసిన అప్పు. కౌటిల్యుడు అర్థశాస్త్రము నాల్గవ అధికరణమున రోగమును, క్షామమును దైవభయములలో జేర్చి, బాధితులను రాజు తండ్రివలె ననుగ్రహింపవలెనని విధించెను. రాత్రి వాకిలి గడియవేయు తండ్రి బిడ్డలకు కూడు పెట్టిన పిదపనే గదా గడియవేయును!

2020లోనే ఆ పాత చట్టమునకు సవరణ జరిగి, వైద్యసిబ్బందిపై చేయిచేసుకొన్నవారికి కఠినశిక్ష యేర్పడెను. అది యుక్తమే. అన్నమునకు మాత్రము అందు చోటు దొరకలేదు.

తప్పు ప్రభుత్వముదేనా? ఆ మార్చి జీతములో సగము నిలిపినందుకు ఉపాధ్యాయులమైన మేమెంతగానో గొణిగితిమి. ఆ సగముతోనే నెల గడచెను. మా వీథిలో రోజుకూలి పూర్తిగా పోయినవాని యింట పొయ్యి వెలుగుచున్నదో లేదో యడిగినవారము కాము. తరువాత తరగతిలో ఈ విషయము చెప్పుచుండగా ఒక బాలుడు, "ఇంట నుండుమన్నారు సరే, ఇల్లు లేనివారెక్కడ నుండవలెనండీ?" అని యడిగెను. మేము పాఠము నిలిపితిమి.

మరల నొక మహమ్మారి రాకపోదు. నాడు "కదలకుడు" అను ఆజ్ఞయు, "మీ కూడు మాది" అను మాటయు ఒక్క కాగితముమీదనే వెలువడవలెను. రెండవది లేని మొదటిదానిని ధర్మమని పిలుచుటకు మాకు నోరాడదు.