షెడ్యూలు ప్రకారం లేదు

ఇంగ్లండులో ఏప్రిల్ నెల ప్రిమ్‌రోజ్ జాతి పూల పోటీల కాలం. ఏదో ఊళ్ళో ఒక హాల్లో పొడవాటి బల్లలు వేసి, వాటి మీద కుండీలు వరసగా పెడతారు. న్యాయనిర్ణేత ఒక్కో కుండీ ముందు వంగి చూసుకుంటూ వెళ్తాడు. గోల్డ్ లేస్డ్ పాలియాంథస్ అనే రకం దగ్గరికొస్తే, రంగూ రేకులూ సంగతి తర్వాత, ముందు పువ్వు మధ్యలో ఉన్న సన్నటి గొట్టంలోకి చూడాలి. గొట్టం నోటి దగ్గర పుప్పొడి తిత్తులు గుత్తిగా కనిపిస్తే ఆ మొక్క పోటీలో ఉన్నట్టు. అవి లేకుండా గుండుసూది తలలాంటి ఒకే ఒక్క చుక్క కనిపించిందా, దాని పని అయిపోయినట్టే. మిగతాదంతా ఎంత తీరుగా ఉన్నా సరే, బహుమతి రాదు.

ప్రిమ్‌రోజ్‌ మనలో చాలామందికి ఇంగ్లీషు పాఠాల్లో ఒక పదంగానే పరిచయం కాబట్టి, ఇక్కడ కాస్త వివరం అవసరం. ఈ మొక్కలు రెండు రకాలు. ఒక రకంలో కీలం పొడుగ్గా పెరిగి, దాని తల గొట్టం నోటి దాకా వస్తుంది; కేసరాలు కింద దాక్కుని ఉంటాయి. దీన్ని 'పిన్' అంటారు. రెండో రకంలో కేసరాలు పైన, పొట్టి కీలం కింద. దీని పేరు 'థ్రమ్'. ఒక మొక్కకి పూసే పూలన్నీ ఒకే రకంగా ఉంటాయి. అడవి ప్రిమ్‌రోజ్‌లలో ఈ రెండు రకాలూ మామూలుగా సగం సగం కనిపిస్తాయి. అంటే పోటీ నియమం, ప్రకృతి పుట్టించినవాటిలో ఒక సగాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తోందన్నమాట.

ఇది న్యాయమేనా? పువ్వుకి న్యాయం ఏమిటి, దానికేం తెలుస్తుంది అనొచ్చు. నిజమే, పువ్వుకి బాధ లేదు. అందుకే ఈ ప్రశ్నని పూల దగ్గర అడగడం తేలిక. మనుషుల మీద చెప్పే తీర్పుల గురించి మాట్లాడితే వెంటనే కోపాలొస్తాయి, పక్షాలు ఏర్పడతాయి. పూల బల్ల దగ్గర నిలబడితే, తీర్పు అనే పనిని మాత్రమే విడిగా చూడొచ్చు.

ఈ నియమం ఎవరు పెట్టారో చూద్దాం. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల ఇంగ్లండులో 'ఫ్లోరిస్ట్' అనే మాటకి పూలు అమ్మేవాడని అర్థం కాదు. కొన్ని ఎంచుకున్న పూలని, కొన్ని నియమాల ప్రకారం, లోపం లేనంత వరకూ తీర్చిదిద్దే మనిషి ఫ్లోరిస్ట్. వాళ్ళలో చేతిపనులవాళ్ళు చాలామంది ఉండేవారు. లాంకషైర్ ప్రాంతంలోనైతే చేమగ్గాల మీద పనిచేసే నేతగాళ్ళు. ఇంట్లోనే పని కనక, వాన మొదలైతే మగ్గం మీంచి లేచి కుండీని లోపల పెట్టుకునే వీలు వాళ్ళకుండేది. పోటీలు పబ్బుల్లో జరిగేవి. గెలిచినవాడికి బహుమతి తరచుగా ఒక రాగి కెటిల్.

గోల్డ్ లేస్డ్ పాలియాంథస్‌ని చూస్తే నేతగాళ్ళకి అది ఎందుకు నచ్చిందో మనకి చెప్పనక్కర్లేదు. ముదురెరుపు లేదా దాదాపు నల్లటి రేకులు. ప్రతి రేకు చుట్టూ సన్నని బంగారు రంగు అంచు, మళ్ళీ రేకు నడుమ కోసుకుంటూ పువ్వు మధ్య దాకా వెళ్ళే అదే రంగు గీత. అంచు వెడల్పు ఎక్కడా మారకూడదు. అంచులోని బంగారమూ మధ్యలోని బంగారమూ ఒకే ఛాయలో ఉండాలి. అచ్చంగా జరీ అంచుని పరీక్షించే కన్ను ఇది. 'థ్రమ్' కూడా మగ్గం దగ్గర మాటే: నేసిన బట్టని కోసి తీసేశాక మగ్గానికి మిగిలిపోయే పడుగు దారాల కొసలు. గొట్టం నోట్లో గుత్తిగా కనిపించే కేసరాలు వాళ్ళకి ఆ కొసల్ని గుర్తుచేశాయి. అవి ఉంటే పువ్వు మధ్య భాగం నిండుగా ఉంటుంది. పిన్ పువ్వులో అక్కడ ఖాళీ, కన్నం పడ్డట్టు. కాబట్టి పిన్ వద్దన్నారు. ఆ తర్వాత మరమగ్గాలు ఆ నేతగాళ్ళ బతుకునే తినేశాయి. ఆ మిల్లు బట్టే సముద్రం దాటి వచ్చి మన నేతగాళ్ళనీ దెబ్బతీసిన సంగతి తెలిసిందే. నియమం మాత్రం బతికింది.

ఇక్కడ కాంట్ అడ్డొస్తాడు. 1790లో వచ్చిన తన సౌందర్య విమర్శ గ్రంథంలో ఆయన రెండు రకాల అందాల గురించి చెప్తాడు. ఒక వస్తువు ఎలా ఉండాలో ముందే ఒక భావన పెట్టుకుని, దాంతో పోల్చి చూసే అందం ఒకటి. భవనం, గుర్రం ఆయన ఇచ్చే ఉదాహరణలు. అలాంటి భావన ఏదీ అవసరం లేని స్వేచ్ఛా సౌందర్యం రెండోది. దీనికి ఆయన ఇచ్చే మొదటి ఉదాహరణ పువ్వే. పువ్వు ఎలా ఉండాలో వృక్షశాస్త్రజ్ఞుడికి తప్ప దాదాపు ఎవరికీ తెలీదు, ఆయన కూడా అందాన్ని చూసేటప్పుడు ఆ సంగతి పక్కన పెట్టేస్తాడు అంటాడు కాంట్. ఆ లెక్కన లాంకషైర్ నేతగాళ్ళు చేసింది సరిగ్గా చెయ్యకూడని పని. ప్రపంచంలో స్వేచ్ఛగా అందంగా ఉన్న ఒకదాన్ని పట్టుకొచ్చి, 'నువ్విలా ఉండాలి' అని దానికో షెడ్యూలు రాశారు.

కాంట్‌ని ఒప్పుకుంటూనే, నేను నేతగాళ్ళ పక్షాన కొంచెం మాట్లాడతాను. షెడ్యూలు లేకుండా బహుమతి ఇవ్వాల్సి వస్తే ఏమవుతుంది? న్యాయనిర్ణేతకి నచ్చింది గెలుస్తుంది. ఆయనకి నచ్చడానికి కారణాలు వంద ఉండొచ్చు: పాత స్నేహం, పెద్ద ఇంటి పేరు, పోయినేడు పడ్డ మాట. రాసి పెట్టిన నియమం చాదస్తంగా ఉన్నా, అది గొప్పింటి కుండీకీ నేతగాడి కుండీకీ ఒకటే. ఇప్పటికీ బ్రిటన్‌లో ఎన్నో పూల పోటీల్లో పేరున్న కార్డుని బోర్లా పెట్టి ఉంచుతారు, తీర్పు అయ్యాకే తిప్పుతారు. మన కథల పోటీల్లో రాతప్రతి మీద పేరు రాయొద్దు అనేది ఇందుకే కదా. నియమం ఏకపక్షంగా ఉండొచ్చు. అది అందరికీ ముందే తెలిసి ఉంటే, తీర్పు ఏకపక్షం కాకుండా ఉండే అవకాశమైనా ఉంటుంది.

ఆ పోటీల్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. మూడు కుండీలు పెట్టమన్న చోట ఎవరైనా రెండే పెడితే, న్యాయనిర్ణేత ఆ కార్డు మీద 'ఎన్.ఎ.ఎస్.' అని రాసి ముందుకెళ్తాడు. షెడ్యూలు ప్రకారం లేదు అని దానర్థం. 'బాగాలేదు' అని ఆయన అనడు. మేం అడిగినదానికి ఇది సరిపోలేదు, అంతవరకే. తిరస్కరించడానికి ఇంతకంటే మర్యాదైన వాక్యం ఉంటుందా! ఇందులో తీర్పు చెప్పేవాడు తన హద్దుని కూడా చెప్పుకుంటున్నాడు.

అసలు బహుమతి ఎవరికి, పువ్వుకా మనిషికా అన్న చిక్కు కూడా ఉంది. పేరుపడ్డ ఆరిక్యులాలని పిలకలు వేరుచేసి పెంచుతారు. అంటే ఒకే పేరున్న మొక్క పదిమంది పెంచినా, ఆ పదీ ఒకే మొక్క ముక్కలు. అక్కడ పోటీ మొక్కల మధ్య కాదు, పెంచిన చేతుల మధ్య. విత్తనం నుంచి కొత్తగా వచ్చిన మొక్కల తరగతి వేరే ఉంటుంది. అక్కడ గెలుపులో సగం అదృష్టానిది. ఇక వాతావరణం సంగతి సరేసరి. ఏడాది పొడవునా సాకిన మొక్క వారం ముందు పూసేస్తే చేయగలిగిందేమీ లేదు. పూల మధ్య దూది ఉండలు పెట్టి, అవి ఒకదాన్నొకటి నొక్కుకోకుండా విడదీసి, పోటీకి ముందు ఆ దూది తీసేస్తారు. వాడిన పువ్వుని తుంచెయ్యొచ్చు. లేని పువ్వుని తెచ్చి అతికించకూడదు. ఉన్నదాన్ని సర్దుకోవచ్చు, లేనిదాన్ని చూపించకూడదు: అలంకరణకీ మోసానికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలో మన నీతిశాస్త్రాలు పడే అవస్థంతా ఆ దూది ఉండల దగ్గర కనిపిస్తుంది.

ఇంతవరకూ నియమానికి వకాల్తా. ఇప్పుడు దాని ఖరీదు.

పిన్, థ్రమ్ అని రెండు రకాలు ఎందుకున్నాయో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఏదో చిన్న తేడా అనుకున్నారు. డార్విన్ తన ఇంటి దగ్గర ప్రిమ్‌రోజ్‌లనీ కౌస్లిప్‌లనీ తానే చేత్తో సంపర్కం చేసి, గింజలు లెక్కపెట్టి, 1862లో ఆ విషయం ప్రచురించాడు. పిన్ పుప్పొడి థ్రమ్‌కీ, థ్రమ్ పుప్పొడి పిన్‌కీ చేరినప్పుడే గింజలు నిండుగా పడతాయి. ఒకే రకంలో ఒకదానికొకటి చేరిస్తే పంట బాగా తగ్గిపోతుంది. మొక్క తనవాళ్ళలోనే తాను మూసుకుపోకుండా ఉండటానికి ఏర్పడ్డ ఏర్పాటు ఇది. పిన్, థ్రమ్ కలయికని ఆయన 'సక్రమం' అన్నాడు, ఒకే రకం లోపలి కలయికని 'అక్రమం' అన్నాడు. ఈ పూల నిర్మాణానికి అర్థం తెలుసుకోవడమంత తృప్తి తన శాస్త్ర జీవితంలో ఇంకేదీ ఇవ్వలేదని ఆత్మకథలో చెప్పుకున్నాడు.

చిత్రం చూడండి. పోటీ బల్ల మీద అక్రమమైన పిన్, తోటలో సక్రమానికి తప్పనిసరి. బహుమతి గెలిచిన థ్రమ్ చాలాసార్లు ఏదో ఒక పిన్ బిడ్డే. న్యాయనిర్ణేత మాట విని లోకంలోని పిన్‌లన్నీ పీకి పారేస్తే, థ్రమ్‌ల వంశం కూడా చిక్కిపోతుంది. నియమం తప్పని దీనర్థం కాదు. నియమానికి ఆ హాలు దాటి పనిలేదని అర్థం.

ఈ హద్దుని బాగా ఎరిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. జె.బి.ఎస్. హాల్డేన్. జన్యుశాస్త్రంలో పేరున్నవాడు. ప్రిమ్యులాల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు, అడవి ప్రిమ్‌రోజ్‌లలో పిన్, థ్రమ్‌ల గురించి 1938లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. అదే ఏడాది ఆయన పుస్తకం ఒకటి వచ్చింది, 'హెరెడిటీ అండ్ పాలిటిక్స్'. మేలైన మనుషుల్ని పెంచి, 'పనికిరాని' వాళ్ళకి పిల్లలు పుట్టకుండా చెయ్యాలన్న వాదాన్ని అందులో శాస్త్రం తెలిసినవాడిగా ఎదిరించాడు. అప్పటికి అమెరికాలో చాలా రాష్ట్రాల్లోనూ, నాజీ జర్మనీలోనూ బలవంతపు ఆపరేషన్లకి చట్టాలున్నాయి. ఈ రెండు పనుల్నీ ఆయనే ఒకచోట చేర్చాడని నేననను. పక్కపక్కన పెట్టి చదువుతున్నది నేను. కుండీలో మొక్కని ఎంచినట్టు మనిషిని ఎంచకూడదు అని చెప్పడానికి, మొక్కల్ని నిజంగా లెక్కపెట్టినవాడికంటే హక్కున్నవాడెవడు?

హాల్డేన్ 1957లో భారతదేశం వచ్చేశాడు, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు, 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో పోయాడు. ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. చనిపోయిన మనిషి విద్యార్థుల బల్ల మీదికి వెళ్ళాడు. ఆ బల్ల దగ్గర మార్కులుండవు, కార్డులుండవు. ఏ శరీరమైనా నేర్పేది నేర్పుతుంది.

మనం రోజూ నిలబడే బల్లలు ఎక్కువగా మొదటి రకానివే. ర్యాంకులు, ఇంటర్వ్యూలు, పెళ్ళిచూపులు, బహుమతి కమిటీలు. వాటిలో కొన్ని తప్పవు. వెయ్యిమంది అడిగే చోట పది సీట్లుంటే ఎవరో ఒకరు ఎంచాల్సిందే. ఎంచేవాళ్ళని ప్రశ్నించడానికి మాత్రం పూల పోటీ మనకి రెండు ప్రశ్నలిస్తుంది. మీ షెడ్యూలు ఎక్కడ రాసి ఉంది, అది వచ్చేవాళ్ళందరికీ ముందే తెలుసా? మీ బల్ల అంచు ఎక్కడుంది, అది దాటాక మీ మాట చెల్లదని మీరు ఒప్పుకుంటారా? పెళ్ళిచూపుల్లో రంగూ ఎత్తూ కొలిచేవాళ్ళు మొదటిదానికి జవాబు చెప్పగలరేమో. రెండోదానికి చెప్పలేరు. వాళ్ళ 'షెడ్యూలు ప్రకారం లేదు' అనే మాట ఆ అమ్మాయితో పాటు ఇంటికి వెళ్తుంది, ఏళ్ళ తరబడి అద్దంలో ఉంటుంది.

పూల పోటీ సాయంత్రానికి అయిపోతుంది. కార్డులు తిప్పుతారు, కుండీలు ఎవరివి వాళ్ళు తీసుకెళ్తారు. బల్ల మడిచేశాక, పిన్ పువ్వు మళ్ళీ మామూలు పువ్వే. దాన్ని తోటలో థ్రమ్ పక్కన ఒక మూల పాతుకుంటే చాలు, తేనెటీగలు వస్తాయి, గింజలు పడతాయి.