వృథా ఎవరికి?

తొమ్మిది సెకన్లు. 1975 మే 9న ఫ్లోరిడాలోని వింటర్ పార్క్‌లో, హ్యూస్టన్ మెక్‌టియర్ అనే పద్దెనిమిదేళ్ల హైస్కూలు కుర్రాడు వంద గజాలు పరిగెత్తడానికి పట్టిన టైమ్. స్టాప్‌వాచ్ నొక్కి తీసిన ఆ లెక్కతో, అంతకు ముందు ఏడాది ఐవరీ క్రాకెట్ పెట్టిన ప్రపంచ రికార్డుని అందుకున్నాడు. బేకర్ అనే చిన్న ఊరు, కర్రల మిల్లులో పనిచేసే తండ్రి, లేమి.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌కి అర్హత సాధించాడు గానీ, తొడ కండరం గాయంతో పరిగెత్తలేకపోయాడు. 1980 మాస్కో ఒలింపిక్స్‌ని అమెరికా బహిష్కరించింది. ఆ తర్వాత మత్తుమందులు, కాలిఫోర్నియాలో ఇల్లూ వాకిలీ లేని రోజులు.

ఇదంతా చదివి "అయ్యో, అంత టాలెంటూ వృథా అయిపోయిందే!" అనుకున్నాను. కాసేపటికి ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నీళ్లు వృథా అంటాం, కరెంటు వృథా అంటాం. అవి మన వాడకానికి ఉన్నవి. మరి మెక్‌టియర్ కాళ్లు? అతను మనకి పతకాలేమైనా బాకీ ఉన్నాడా? మా ఆఫీసు అప్రైజల్‌లో 'పొటెన్షియల్' అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాశారో చూసినప్పుడల్లా, ఇంకా చెయ్యని పనికి అప్పుడే అప్పు పడ్డట్టు ఉంటుంది నాకు.

బాకీ లేకపోతే బాధపడటమూ అనవసరమేనా? కాదు. కానీ నేను దేనికి బాధపడుతున్నానో తేల్చుకోవాలి. అతను మామూలుగా పరిగెత్తే కుర్రాడే అయ్యుంటే, ఆ లేమి నా దాకా వచ్చేదే కాదు. అదే ఇంట్లో పెరిగిన అతని తోబుట్టువుల పేర్లు నాకు తెలియవు. నిజం చెప్పాలంటే, తెలుసుకోవాలని అనిపించలేదు కూడా. అంటే నేను జాలిపడింది మనిషి మీద కాదు, రాని పతకం మీద. ఇది ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

మెక్‌టియర్‌ని ఆ స్థితిలోంచి లేవదీసింది స్వీడన్ పరుగుల క్రీడాకారిణి లిండా హాగ్లుండ్. అప్పటికి అతను ఒలింపిక్ పతకం ఆశించే వయసు దాటిపోయాడు. ఆమెతో స్వీడన్ వెళ్లాడు, మళ్లీ నిలదొక్కుకున్నాడు, 2015లో స్టాక్‌హోంలో చనిపోయాడు. అతని జీవితాన్ని 'వృథా' అని ముగించేసేటప్పుడు, నాలాంటివాళ్లం ఈ చివరి సంవత్సరాలని ఒక్క వాక్యంలో దాటేస్తాం. అతను అవీ బతికాడు కదా.