సత్యం – శివం – సుందరం : నడిమి మాట

సత్యం, శివం, సుందరం అను మూడు మాటలు పాఠశాలల గోడల మీదను, సభావేదికల తెరల మీదను తరచుగా కానవచ్చును. దూరదర్శన్ సంస్థ వీనిని తన ఆదర్శవాక్యముగా గ్రహించినది. 1978లో వెలువడిన ఒక హిందీ చలనచిత్రమునకు ఇదియే పేరు. ఇంతగా వాడుకలో నున్నందున ఇవి ఏదో యొక యుపనిషత్తు నుండి యథాతథముగా గైకొన్న మాటలని పలువురు తలంతురు. వేదమే ఇట్లు ఘోషించుచున్నదని చెప్పు ఉపన్యాసకులును కలరు. కాని దశోపనిషత్తులలో ఎచ్చటను ఈ మూడు పదములు ఒక వరుసలో కానరావు. తైత్తిరీయము పరబ్రహ్మమును సత్యమనియు, జ్ఞానమనియు, అనంతమనియు నిర్వచించినది. మాండూక్యము తురీయావస్థను శాంతమనియు, శివమనియు, అద్వైతమనియు వర్ణించినది. సత్య మొకచోట నున్నది, శివము వేరొకచోట నున్నది. సుందరమన్న మాట ఆ రెండు వరుసలలోను లేదు. సత్యము, మంచి, సౌందర్యము అను మూటిని గూర్చిన చర్చ పాశ్చాత్యులలో గ్రీకు తత్త్వవేత్త ప్లేటో నాటి నుండియు సాగుచున్నది. 19వ శతాబ్దమున ఆ చర్చ ఆంగ్లవిద్యతో పాటు వంగదేశమునకు వచ్చి, బ్రహ్మసమాజము వారి ద్వారా సంస్కృతపు మాటలను తొడిగికొని దేశమంతట వ్యాపించినదని పండితులు చెప్పుదురు.

ఇందులకు చిన్నబోవలసిన పని లేదు. పేరు క్రొత్తదైనను వస్తువు ప్రాతదే. వేదాంతులు ప్రతి వస్తువునందును ఐదు అంశములను చూపుదురు. వస్తువు ఉన్నది, అది తోచుచున్నది, అది ప్రియమగుచున్నది. దాని కొక పేరున్నది, ఒక రూపమున్నది. పేరును రూపమును మారునవి. మొదటి మూడును మారనివి, అవియే బ్రహ్మస్వరూపము. ఉండుట, తోచుట, ప్రియమగుట అను నీ మూడింటిలో మొదటిది సత్యము, చివరిది సౌందర్యమునకు మూలము. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చేసిన బోధయు ఇట్టిదే. భర్త గాని, బిడ్డలు గాని, ధనము గాని తమంతట తాము ప్రియములు గావు, ఆత్మ కొఱకే అన్నియు ప్రియము లగుచున్నవని ఆయన చెప్పెను. ఈ దృష్టితో చూచినచో సుందరమైనది సత్యమునకు పైపూత గాదు, సత్యమునందే యున్న ప్రియత్వము.

తత్త్వవిచారమున ఇంతవరకు చిక్కు లేదు. పరబ్రహ్మమునందు మూడును ఒక్కటియే యనుట సులభము. చిక్కు వచ్చునది మానవుని నోటి మాటలో. అచ్చట సత్యము కఠినముగా నుండును, ప్రియమైనది అసత్యముగా నుండును, హితమైనది రెండింటికిని దూరముగా తోచును. అట్టి వేళ దేనిని విడువవలెను?

పూర్వులు ఈ చిక్కును దాచిపెట్టలేదు. కఠోపనిషత్తు శ్రేయస్సు వేఱు, ప్రేయస్సు వేఱు అని స్పష్టముగా విడదీసినది. రెండును మనుష్యుని యెదుట నిలుచుననియు, వివేకి శ్రేయస్సునే వరించుననియు యముడు నచికేతునకు బోధించెను. మనువు సత్యమును పలుకుమనెను, ప్రియముగా పలుకుమనెను, అప్రియమైన సత్యమును పలుకవలదనెను, అంతటితో నాగక ప్రియమైన అసత్యమును సయితము పలుకవలదనెను. నాలుగు వైపులను కంచె వేసిన యీ వాక్యమును చదివినపుడు, మిగిలిన దారి మౌన మొక్కటియే యేమో యని తోచకపోదు. రామాయణమున మారీచుడు రావణునితో, ఎల్లప్పుడు ప్రియము పలుకువారు సులభముగా దొరకుదురనియు, అప్రియమైనను హితమైన దానిని చెప్పువాడును వినువాడును దుర్లభులనియు అనెను. ఎంతయో చక్కని మాట. కాని ఆ మాట చెప్పిన మారీచుడే ప్రాణభీతిచే మరల బంగారు లేడియై సీత యెదుట గంతులు వేసెను. హితమెఱిగినవాడే అసత్యమైన సౌందర్యమును తొడిగికొనుట ఆ కథలోని విషాదము.

గీతలో వాక్తపస్సును గూర్చి చెప్పిన చోట భగవానుడు మూటిని ఒక్కచో చేర్చెను. ఎదుటివారికి ఉద్వేగము కలిగింపక, సత్యమై, ప్రియమై, హితమైన మాటయే వాక్కునకు తపస్సు. సత్యం శివం సుందరం అను త్రయమునకు స్వదేశపు మాతృక కావలెనన్నచో ఇదియే తగినది. ఇందలి హితమే శివము. అమరకోశము శివశబ్దమును కల్యాణము, మంగళము, శుభము అను పదములతో జతపఱచినది. శివభక్తులకు ఆ పేరు మొదట దైవమును స్ఫురింపజేయుట సహజమే, కాని దైవమునకు ఆ పేరు వచ్చినది లోకమునకు మేలు చేయుటచేతనే గదా.

ఈ నడిమి మాటయే తక్కిన రెండింటిని పరీక్షించునది. పతంజలి యమములను చెప్పుచు అహింసను ముందుంచి సత్యమును రెండవదిగా నుంచెను. వ్యాసభాష్యము ఆ వరుసను ఊరక విడువలేదు. వాక్కు సకల భూతముల ఉపకారము కొఱకే ప్రవర్తింపవలెననియు, జరిగినది జరిగినట్లే చెప్పినను అది ప్రాణులకు చేటు తెచ్చినచో సత్యము గాదు, పాపమే యనియు తేల్చినది.

దీనికి కర్ణపర్వమున ఒక కథ గలదు. తిక్కన సోమయాజి తెనిగించిన పర్వములలోని దగుటచే తెలుగు పాఠకులకు అది క్రొత్త గాదు. కౌశికుడను తాపసి యెల్లప్పుడు సత్యమునే పలుకుదునని వ్రతము పట్టి, సత్యవాదియని పేరొందెను. దొంగలకు వెఱచి కొందఱు ఆయన యున్న అడవిలో దాగిరి. దొంగలు వచ్చి, వారెటు పోయిరని ఆయననే అడిగిరి. ఆయన చూపెను. దొంగలు వారిని చంపిరి. కౌశికుడు నరకమునకు పోయెను. ఈ కథను శ్రీకృష్ణుడు చెప్పిన సందర్భమును మఱువరాదు. కర్ణుని చేత నొచ్చిన ధర్మరాజు అర్జునుని నిందించి, గాండీవమును వేఱొకరి కిమ్మనెను. అట్లన్నవానిని చంపుదునని అర్జునునకు ఒక ప్రతిజ్ఞ గలదు. ఆ ప్రతిజ్ఞను సత్యము చేయుటకై అతడు తోడబుట్టినవానిపై కత్తి దూసెను. తన మాట నిలుచుట కొఱకు అన్న తల తెగిపడినను సరే యనుకొన్నవానికి కృష్ణుడు కౌశికుని చూపెను.

ఈ కథను చెప్పువారు చాలమంది ఒక ముఖ్యాంశమును విడుతురు. అట్టి ఆపదలో మౌనముచే తప్పించుకొనగలిగినచో మౌనమే వహింపవలెనని కృష్ణుడు మొదట చెప్పెను. పలుకక తప్పనిచో, అపుడు మాత్రమే అసత్యము మేలనెను. అబద్ధమునకు తలుపు తెఱచుటకు ముందు మౌనమను గడప నొకటి దాటవలెను.

ఈ గడపను లోకము తొందరగా దాటును. నూరు అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయవలెనని సామెత. వివాహములందు, ప్రాణాపాయమందు, సర్వస్వము పోవు వేళ బొంకినను దోషము లేదని పెద్దలు చెప్పిరి గదా యని దానికి ప్రమాణము చూపుదురు. అట్టి పట్టిక కర్ణపర్వమునను గలదు, భాగవతమున వామనచరిత్రయందును గలదు. పోతన తెనుగున అది పిల్లలకు సయితము కంఠస్థము. కాని భాగవతమున ఆ మాటలు చెప్పినది ఎవరు? శిష్యుని సంపద చేజాఱుచున్నదని కలత చెందిన శుక్రాచార్యుడు. విన్న బలి దాని నంగీకరించెనా? లేదు. అబద్ధమాడువానిని తప్ప తక్కిన యే భారమునైనను భూమి మోయగలదని పలికి, గురువు మాట త్రోసి, తన సర్వస్వమును ధారవోసెను. త్రోసిపుచ్చబడిన సలహాను భాగవతధర్మమని ఉదాహరించుట వింత.

ఇక పెండ్లి నూరు అబద్ధముల సంగతి. వరునకున్న దీర్ఘరోగమును దాచి, లేని యుద్యోగమును ఉన్నదని చెప్పి సంబంధము కుదిర్చినవారు తాము శుభకార్యమే చేసితిమని నమ్ముదురు. చెప్పిన మాటలు ప్రియమైనవే. ముహూర్తపు వేళ మంగళధ్వని చెవులకు ఇంపుగనే యుండును. కాని ఆ నూరు అబద్ధముల వెలను చెల్లించునది ఎవరు? చెప్పినవారు గారు, మఱునాటి నుండి ఆ యింట కాపురము చేయవలసిన పిల్ల. కౌశికుని సత్యమునకు అడవిలో దాగినవారు వెల చెల్లించిరి, ఈ పెద్దల అసత్యమునకు ఆ యాడుబిడ్డ చెల్లించుచున్నది. ఒకటి సత్యము, ఒకటి అసత్యము; రెండును ఒక్క జాతివే. బలి సత్యమునకు బలియే వెల చెల్లించెను. హరిశ్చంద్రుని కథ ఇంత సులభముగా తెమలదు; ఆయనతో పాటు చంద్రమతియు లోహితుడును అమ్ముడుపోయిరి. గౌరన ద్విపదలో ఆ ఘట్టమును చదివినవారికి, రాజు సత్యమునకు బాలుడేల వెల చెల్లింపవలెనను ప్రశ్న మనసులో మెదలక మానదు. పురాణము చచ్చిన బిడ్డను బ్రదికించి కథను మంగళముగా ముగించినది గాని, ఆ ప్రశ్నను చెఱిపివేయలేదు.

హితమే గీటురాయి యన్నచో, హితమను పేర ఎవడు కోరిన అబద్ధము వాడాడవచ్చునే యని కొందఱాక్షేపింతురు. ఆ భయము నిజమైనదే. ధర్మరాజు అశ్వత్థామ చచ్చెనని ద్రోణునకు వినబడ బలికి, ఏనుగన్న మాటను వినబడకుండ కలిపెను. మాటల కూర్పులో అసత్యము లేదు, ద్రోణుని చెవికి చేరినది మాత్రము అసత్యమే. సైన్యమునకు హితమని కృష్ణుడే పురికొల్పెను. అయినను అంతవరకు నేలకు నాలుగంగుళముల పైని నడచుచున్న ధర్మరాజు రథము ఆ క్షణమున నేలకు దిగినదని భారతము చెప్పినది. పలికించినవాడు భగవంతుడైనను పలికినవానికి మినహాయింపు లేదు. హితము కొఱకు ఆడిన బొంకునకు సయితము మూల్యమున్నదని వ్యాసుడు లెక్క వ్రాసిపెట్టెను.

బసవేశ్వరుడు మాట యెట్లుండవలెనో చెప్పుచు దానిని ముత్యాల హారముతోను, మాణిక్య కాంతితోను, స్ఫటిక శలాకతోను పోల్చెను. ఇంతవరకు అది సౌందర్యమే. ఆ తరువాత, ఆ మాటను విని లింగము ఔనని తల యూపవలెననెను. అటుపై పలికినట్లు నడువనివానిని కూడలసంగమదేవుడు మెచ్చడనెను. ముత్యములవలె పలుకుట వాక్చాతుర్యము గలవారి కందఱకు వచ్చును. ఔననవలసిన సాక్షి లోపల నున్నాడని యెఱిగి పలుకుట కష్టము.

మూడును కలిసిన మాట యొకటి చూడవలెనన్నచో సుందరకాండకే పోవలెను. అశోకవనమున శింశుపావృక్షముపై హనుమంతుడు దాగియున్నాడు. క్రింద సీత, రావణుడిచ్చిన రెండు నెలల గడువును తలచి తలచి, తన జడతోనే ఉరి వేసికొందమని నిశ్చయించుచున్నది. హనుమంతుని యొద్ద నున్నది శుభవార్త, అది పూర్ణసత్యము. అయినను అతడు వెంటనే దుమికి చెప్పలేదు. ఎట్లు చెప్పవలెనని కూర్చుండి యాలోచించెను. ద్విజునివలె సంస్కృతమున పలికినచో తనను రావణుడనుకొని ఆమె జడియును. జడిసి కేక వేసినచో కావలి రాక్షసులు మేల్కొందురు, పోరు పుట్టును, తాను పట్టుబడినచో వచ్చిన పని చెడును. చెప్పకున్నచో ఆమె ప్రాణము నిలువదు. సత్యమున్నది, దానిని మోయు మాట ఇంకను దొరకలేదు. తుదకు సామాన్య మనుష్యుల భాషలో, ఆమెకు మాత్రమే వినబడునట్లు, దశరథుడను రాజుండెనని మొదలిడి రామకథను మెల్లగా చెప్పసాగెను. తానెవరో చెప్పలేదు, ఆమె పేరు పిలువలేదు. ఆమె చిరకాలముగా వినగోరుచున్న కథను ఆమె చెవిని వేసెను. ఆ కాండకు ఆ పేరేల వచ్చినదని పండితులు పలుతెఱగుల చర్చింతురు. ఈ యొక్క సన్నివేశమే చాలునని తోచుచున్నది.

అయినను సీత వెంటనే నమ్మలేదు. నమ్మకుండుటకు ఆమెకు కారణమున్నది. బంగారు లేడి సుందరముగనే యుండెను. పంచవటికి వచ్చిన సన్యాసి మధురముగనే పలికెను. ఇంపైన రూపము, ఇంపైన మాట ఆమెను రెండుమారులు మోసగించినవి. కావున వానరుడు దగ్గరకు వచ్చిన కొలది, ఇతడును రావణుడేమో యని ఆమె వెనుకంజ వేసెను. హనుమంతుడు కోపింపలేదు, నా మాటనే శంకింతువా యనలేదు. ఆమె రాముని గుర్తులు చెప్పుమనెను. తల మొదలు పాదముల దాక వర్ణించెను. నరులకును వానరులకును పొత్తెట్లు కుదిరినదని యడిగెను, అదియు చెప్పెను. అడుగవలసినవన్నియు ఆమె అడుగునంతవరకు నిలిచి, అప్పుడు రామనామాంకితమైన ఉంగరమును ఆమె చేతిలో నుంచెను.