అర్థమైనదా అని అడిగితే చాలునా?



చెప్పిన మాట విన్నవారికి అర్థము కాకపోతే తప్పు ఎవరిది? "మేము చెప్పవలసినది చెప్పాము, వారే వినలేదు" అని చాలమంది చేతులు దులుపుకొంటారు. ప్రాణముతో ముడిపడిన ఆరోగ్య విషయాలలో ఈ మాట చెల్లదని మా అభిప్రాయము.

బంగ్లాదేశ్‌లో జరిగిన ఒక పనిని చూడండి. విరేచనాలతో నీరసించిన బిడ్డకు తాగించవలసిన నీళ్లను ఇంటిలోనే కలుపుకొనుట నేర్పడానికి, 1980లో బ్రాక్ అను సంస్థ ఇంటింటికి స్త్రీలను పంపినది. మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, పిడికెడు బెల్లము, అర సేరు నీరు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకే అపాయము. అందుచేత కొంతకాలము తరువాత వేరొకరు కొన్ని ఇండ్లకు వెళ్లి, "అర్థమైనదా?" అని కాక, "ఏమి నేర్చుకొన్నారో చెప్పండి, కలిపి చూపండి" అని అడిగేవారు. తల్లులు ఎంత జ్ఞాపకముంచుకొంటే నేర్పినామెకు అంత జీతము! విద్యార్థి పరీక్ష వ్రాస్తే ఉపాధ్యాయునికి మార్కులు వేసినట్లే గదా!

అయినను చిక్కు తీరలేదు. తల్లులు చక్కగా కలపగలిగారు గాని, బిడ్డకు జబ్బు చేసినప్పుడు చాలమంది వాడలేదు. విచారించగా సంగతి తెలిసినది. అక్కడివారికి విరేచనాలు నాలుగు రకాలు, నాలుగు పేర్లు. "డయేరియా" అంటే నీళ్లవలె కారే తీవ్రమైన రకము మాత్రమే. మిగిలినవాటికి ఈ నీళ్లు పనికిరావనుకొన్నారు. ఇంటి మగవారికి ఎవరును చెప్పలేదు. నేర్పేవారిలోనే కొందరికి దానిమీద నమ్మకము లేదు. ఇవన్నియు తెలుసుకొని బోధనను సరిదిద్దారు. 1990 నాటికి కోటి ఇరవై లక్షలకు పైగా ఇండ్లకు ఆ పాఠము చేరినది. అడిగి ఉండకపోతే, ఆ తల్లులకు మొండివారని పేరు వచ్చేది.

ఇది మనకును వర్తించును. పరాయి భాషల నడుమ తరతరాలుగా కాపురముంటున్న మన ఇండ్లలో, గోడమీది ప్రకటనను మనుమలు చదువుతారు, అవ్వలు చదవలేరు. తెలుగులోనే వేసినా, "అతిసారము" అంటే ఎందరికి తెలియును? జిగట విరేచనాలు, నీళ్ల విరేచనాలు అంటేనే మన ఇంటి మాట. నేడు ఆరోగ్య కేంద్రాలలో ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఇస్తున్నారు. ఒక్కొక్క పొట్లము ఎన్ని నీళ్లలో కలపవలెనో తల్లి తన నోట తిరిగి చెప్పినప్పుడే మనము చెప్పినట్లు.

అయితే ఒక హద్దు ఉన్నది. వినేవారి కొరకు మాటను మార్చవచ్చును, సత్యమును మార్చరాదు. వారికి ఇష్టమైనది కాక, అవసరమైనదే అర్థమగునట్లు చెప్పవలెను.

కాబట్టి ఆరోగ్య విషయమై ఏ కరపత్రమైనను అచ్చుకు ఇవ్వకముందు చదువురాని ఇద్దరు పెద్దలకు చదివి వినిపించండి. వారు ఏమి గ్రహించారో వారి నోటనే వినండి. అది వారికి పెట్టే పరీక్ష కాదు, మనకు మనము పెట్టుకొనే పరీక్ష.