పాట మనది, బాకీ ఎవరిది?

పాత వస్తువుల మీద ప్రేమ వున్నవాళ్ళు రెండు రకాలు. కొందరు అమ్మమ్మ నాటి ఇత్తడి బిందెను చింతపండు పెట్టి తళతళా తోమి, అందులో మంచినీళ్ళు పోసుకుంటారు. మరికొందరు దాన్నే హాల్లో ఓ మూల పెట్టి ప్లాస్టిక్ పూలు గుచ్చుతారు. మొదటి రకం వాళ్ళంటే నాకు గౌరవం. పాతది వాడుకలో వుంటేనే బతికి వున్నట్టు.

జర్మనీలో మాక్స్ రాబే అనే గాయకుడు అచ్చంగా మొదటి రకం మనిషి. 1962లో పుట్టాడు. బెర్లిన్‌లో ఒపెరా గానం చదువుకునే రోజుల్లో, 1986లో, తోటి విద్యార్థుల్ని కూడగట్టి పలాస్ట్ ఆర్కెస్టర్ అనే బృందం పెట్టాడు. 1920, 30లలో బెర్లిన్ నాట్యశాలల్లో మోగిన డాన్స్ పాటలూ, జాజ్ బాణీలూ వీళ్ళు వాయిస్తారు. శాక్సఫోన్లు, ట్రంపెట్లు, వయొలిన్ అన్నీ వుంటాయి. రాబేగారు తోకకోటు తొడుక్కుని, జుట్టు నున్నగా దువ్వుకుని, మైకు ముందు నిటారుగా నిలబడి పాడతాడు. గెంతడు, చేతులు వూపడు. మరీ నవ్వొచ్చే చోట ఒక కనుబొమ్మ ఎత్తుతాడు, అంతే! 1992లో, తనకు ఫోన్ చేసే దిక్కే లేదని వాపోతూ ఆ పాత పద్ధతిలోనే సొంతంగా ఓ పాట కట్టాడు. దానితో జర్మనీ అంతటా పేరు మోగిపోయింది.

ఆ పాటలు చాలా తేలికైనవి. ప్రేమ, అలక, వసంతం, కొంటెతనం. జర్మన్ రాని నాకు కూడా, వింటూంటే పోపు వేసే గరిటె తాళం వేస్తుంది. ఇందులో ధర్మసందేహం ఏముందంటారా? వుంది. ఆ పాటలు రాసినవాళ్ళు ఏమయ్యారో తెలుసుకుంటే వస్తుంది.

వాళ్ళలో చాలామంది యూదులు. 1933లో హిట్లర్ అధికారానికి రాగానే కొందరు దేశం విడిచి పారిపోయారు. 1935లో జర్మన్ రేడియోలో జాజ్ నిషేధించారు. ఆ పాటలు రాసినవారిలో ఫ్రిట్జ్ లోనర్-బెడా అనే ఆయన వియన్నాలో వుండేవాడు. అరటిపళ్ళ మీద ఆయన రాసిన హాస్యపు పాటకు ఆ రోజుల్లో జనం విరగబడి నవ్వారు. 1938లో నాజీలు ఆస్ట్రియాను కలుపుకోగానే ఆయన్ని పట్టుకుపోయారు. బూహెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో వుండగా అక్కడి అధికారి హుకుం మీద ఖైదీల కోసం పాట రాశాడు. 1942లో ఔష్విట్జ్‌కు చెందిన మోనోవిట్జ్ శిబిరంలో చంపేశారు.

ఈ సంగతి చెబితే మా స్నేహితురాలు ఒకావిడ, "ఇంత ఘోరం జరిగిన చోట మళ్ళీ ఆ పాటలేనా? చావింట్లో పెళ్ళిమేళంలా లేదూ?" అంది. కొట్టిపారేసే మాట కాదు. పాత పాట వింటే మనకు ఆ కాలం మీదే మోజు పుడుతుంది. ఎంత తియ్యటి రోజులో అనిపిస్తుంది. ఆ తీపి కింద వున్న చేదు మరుగున పడిపోతుంది. "ఆ రోజులే వేరు" అని మన ఇళ్ళలో నిట్టూర్చేవాళ్ళూ అంతే కదండీ. ఆ రోజుల్లో పొయ్యి ముందు పొగలో కూర్చున్నావిడను అడిగితే ఏమనేదో!

కాని పాడటం మానేస్తే ఏమవుతుంది? ఆ మనుషుల్ని చంపినవాళ్ళు కోరుకున్నది ఆ నిశ్శబ్దాన్నే కదా! వాళ్ళు మొదలుపెట్టిన పనిని మన చేతులతో పూర్తిచేసినట్టు కాదూ?

అలాగని పాడితే చాలు, బాకీ తీరిపోయిందని కూడా అనలేం. లోనర్-బెడా మరొకరితో కలిసి మాటలు రాసిన "చిరునవ్వుల దేశం" అనే సంగీత నాటకం 1929లో బెర్లిన్‌లో మొదటిసారి ఆడింది. సంగీతం ఫ్రాంజ్ లెహార్‌ది. లెహార్ సంగీతమంటే హిట్లర్‌కు ప్రాణం. అంచేత నాజీల కాలంలో కూడా అది ఆడుతూనే వుంది, మాటలు రాసినవాళ్ళ పేర్లు మాత్రం తీసేసి! ఆలోచించండి. పాట హాయిగా బతికే వుంది. రాసినవాడు శిబిరంలో రాళ్ళు మోస్తున్నాడు. పాటను ప్రేమించినంత మాత్రాన మనిషిని ప్రేమించినట్టు కాదన్న మాట. ఎంత పాషాణ హృదయమైనా మంచి పాటకు తల వూపగలదు.

అందుకే నాకనిపిస్తుంది, పాతను బతికించేవాడు రెండు పనులు చెయ్యాలి. పాటను మురిపెంగా పాడాలి. పేరును నోరారా చెప్పాలి. రెండోది లేకపోతే మొదటిది దొంగసొమ్ము అనుభవించడమే. మనకు ఇది కొత్త కాదు. మన మంగళహారతులూ, పెళ్ళిపాటలూ ఏ తల్లి కట్టిందో తెలియకుండానే పాడేస్తున్నాం. తెలియని పేరుకు ఎవరమూ ఏమీ చెయ్యలేం. తెలిసిన పేరును మింగెయ్యడమే పాపం.

2010లో రాబేగారు తన బృందంతో ఇజ్రాయెల్ వెళ్ళి ఆ పాటలు పాడాడు. ప్రాణభయంతో జర్మనీ వదిలి వచ్చిన యూదులు ఎందరో స్థిరపడిన దేశం అది. జర్మన్ మాట చెవిన పడితేనే ఉలిక్కిపడే కారణం వున్న మనుషులు. కాని ఆ పాటలు ముందు వాళ్ళవి. వాళ్ళ అమ్మానాన్నలు పడుచుదనంలో పాడుకున్నవి. ఎత్తుకుపోయిన నగను ఎత్తుకుపోయినవాడి మనవడు తెచ్చి గుమ్మంలో నిలబడితే ఏం చేస్తాం? నగ తీసుకుంటాం. జరిగిన దొంగతనం జరగలేదని మాత్రం అనం.

మరి అరటిపళ్ళ పాటకు నేను నవ్వనా, మాననా? నవ్వుతాను. ఆయన దాన్ని రాసింది నవ్వించడానికే. ఆ కాస్త నవ్వు కూడా మనం మానేస్తే ఆయనకు ఇంకేం మిగులుతుంది? పిల్లలు ఎవరి పాటమ్మా అని అడిగితే మాత్రం, గరిటె పక్కన పెట్టి, పూర్తి పేరు చెబుతాను.