తిట్టుకు గురి ఎవరు?

దైవదూషణ భక్తికి వెలుపలిదా, లోపలిదా అన్న ప్రశ్నను తెలుగు కీర్తన సంప్రదాయం నిందాస్తుతితో, అనగా తిడుతూనే కొలిచే రీతితో, ఎన్నడో పరిష్కరించుకుంది. గోల్కొండ చెరలో రామభక్తుడు కంచర్ల గోపన్న తాను చేయించిన నగలకు ఖర్చయిన వరహాలను ఒక్కొక్కటిగా లెక్కగట్టి రాముణ్ణి నిలదీసి, దెబ్బలకు తాళలేక తిట్టానే గాని నొచ్చుకోవద్దని ఆ కీర్తనలోనే వేడుకున్నాడు. తిట్టడానికి ఎదుట ఒకడు ఉండాలి కనుక ఇక్కడ తిట్టే నమ్మకానికి రుజువవుతుంది.

ఎదుట ఎవడూ లేడని తేల్చుకున్నవాడి ఆక్రోశం ఎటు పోతుంది? లాస్ ఏంజెలెస్‌లో 1980లో పుట్టిన బ్యాడ్ రెలిజియన్ బృందం 1988లో వెలువరించిన ‘సఫర్’ ఆల్బమ్ ఈ ప్రశ్నకు జవాబుగా వినదగినది. పంక్ అంటే పొట్టిగా, వేగంగా, కోపంగా సాగే రాక్ సంగీతం. ఆ వేగాన్ని వదలకుండానే బాణీని పలికించేది మెలోడిక్ పంక్. సుమారు 26 నిమిషాల్లో 15 పాటలు ముగిసే ఈ ఆల్బమ్‌లో ముఖ్యగాయకుడి వెనుక గొంతులు కలిసి రాగం తీస్తాయి. పాలమూరు భజనల్లో వంతపాట ఎరిగినవారికి ఇది మరీ పరాయిగా తోచదు. బృందం చిహ్నం కొట్టివేసిన శిలువ. అయినా వీరి నిరాకరణ విచ్చలవిడితనం కాదు. జగత్కర్తను ఒప్పుకోకుండానే విహితకర్మను విడువని కుమారిలభట్టు మీమాంసకు, అంటే వేదోక్త కర్మలను విచారించే దర్శనానికి, ఇది ఒక్క విషయంలో చేరువ: ఈశ్వరుడు లేకున్నా బాధ్యత మిగులుతుంది. (వేదప్రామాణ్యం మాట ఎత్తితే ఈ పోలిక అక్కడికక్కడే కూలుతుందన్నది వేరే సంగతి.)

ఈ రెండు దారుల తేడా పాలమూరు సీమలో తెలుస్తుంది. అక్కడి మక్తల్‌లో పడమటి ఆంజనేయస్వామి కొలువున్నాడు. దాపునే తంగిడి వద్ద కృష్ణానది తెలంగాణలో అడుగుపెడుతుంది. అయినా ఆ సీమ కూలీలు దశాబ్దాలుగా ముంబై, పుణె నగరాలకు వలస వెళ్లారు. ఆ కష్టాన్ని దేవుడికి మొరపెట్టుకున్నవాడికి ఆలకించేవాడు ఉన్నాడన్న ఊరట దక్కుతుంది. ఆ ఊరటను ‘సఫర్’ ఇవ్వలేదు, ఇవ్వజూపదు కూడా. అయితే నీరు పారని పొలానికి కారణాలు నిర్ణయాల్లో, కేటాయింపుల్లో ఉన్నప్పుడు, నింద ఆకాశానికి చేరితే భూమ్మీది కారకులు తప్పించుకుంటారన్న ఆ బృందపు తర్కాన్ని తోసిపుచ్చడం కష్టం. వరహాల లెక్క చెప్పిన ఆ కీర్తనలో దశరథుడూ జనకుడూ ప్రస్తావనకు వస్తారు గాని, గోపన్నను చెరసాలలో పెట్టించిన తానీషా ఊసే లేదు.